బండి ఎప్పుడూ స్టార్ట్‌లోనే ఉంటుంది

బహ్రెయిన్‌లో సల్మాబాద్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి గరాజులు. డెంటింగు, పెయింటింగు, వెల్డింగు, టైర్లు, బ్యాటరీలు. వాటి వెనక వీధుల్లో పనివాళ్ల క్యాంపులు. మనవాళ్లూ చాలామందే కనిపిస్తారు. కిందటి ఎండాకాలం బ్రేక్ ప్యాడ్లు మార్పించుకోవడానికి అక్కడో గరాజుకి వెళ్లాను. చక్రం విప్పుతున్న మెకానిక్‌ది జగిత్యాల దగ్గర ఊరట. నేను సైన్సు వ్యాసాలు రాస్తానని మాటల్లో తెలిసేసరికి స్పానరు పక్కన పెట్టాడు.

“సార్, మా నాయినకు శుక్లాల ఆపరేషన్ చేపిచ్చినం. రెండు కండ్లకు అయింది. అయినా వీడియో కాల్ చేస్తే నా మొఖం కనవడ్తలేదంటడు. చెవులు కనవడ్తయంట, ముక్కు కాడ మసకంట. దర్వాజ సుత వంకర వోయినట్టు కనవడ్తదంట. ఆపరేషన్ కరాబైందా?”

ఇక్కడ కూర్చుని అక్కడి కన్ను చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. అయితే ఆ లక్షణాలు చెప్పే కథ ఒకటుంది. శుక్లం వచ్చేది కంటి ముందుండే కటకానికి. ఆపరేషన్‌లో మార్చేది దాన్నే. కెమెరాకి అద్దం మార్చినట్టు. కానీ వెనక ఫిల్ము చెడితే అద్దం ఎంత కొత్తదైతే ఏం లాభం? ఆ ఫిల్మే రెటీనా. దాని నడిమధ్యన మాక్యులా అనే చిన్న జాగా ఉంటుంది. మొహాలు గుర్తుపట్టేదీ, అక్షరాలు చదివేదీ దానితోనే. వయసు మీద పడ్డాక కొందరిలో ఆ జాగా క్షీణిస్తుంది. చుట్టూ చూపు బాగానే ఉంటుంది, మధ్యలోనే మసక. సూటిగా ఉండాల్సిన గుమ్మం వంగినట్టు కనిపిస్తుంది.

ఈ జబ్బుకీ, అదే గరాజులో పక్కన ఏసీ కోసం ఇంజన్ ఆపకుండా నిలబెట్టి ఉన్న ల్యాండ్ క్రూజర్‌కీ చుట్టరికం ఉందంటే మెకానిక్ నవ్వాడు. ఉంది మరి.

రక్తంలో ఆదరువు

మన రక్తంలో యాంటీబాడీలు ఉంటాయని చాలామందికి తెలుసు. కోవిడ్ పుణ్యమా అని ఆ మాట ఊళ్లలో కూడా నలిగింది. వాటికన్నా చాలా పాతది, పరిణామక్రమంలో వాటికన్నా కోట్ల సంవత్సరాలు ముందు పుట్టింది ఇంకో సైన్యం. ముప్పైకి పైగా ప్రొటీన్లు. ఎక్కువ భాగం కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంటాయి. ఈ వ్యవస్థ పేరు కాంప్లిమెంట్. తెలుగులో ‘పూరకం’ అంటున్నారు. నాకైతే ‘ఆదరువు’ అనాలనిపిస్తుంది. అందుకు కారణం కూడా ఉంది.

ఈ ప్రొటీన్లు క్రిమి ఒంటికి అతుక్కుంటే, తెల్ల రక్తకణాలు ఆ క్రిమిని ఇట్టే మింగేస్తాయి. అతుక్కోకపోతే చాలాసార్లు ముట్టవు. 1903లో లండన్‌లో అల్మ్రాత్ రైట్ బృందం క్రిమిని ఇలా తినడానికి సిద్ధం చేసే పదార్థాలకు ‘ఆప్సోనిన్’ అని పేరు పెట్టింది. మూలం గ్రీకు మాట. రొట్టెలో నంజుకునేదాన్ని, అంటే మన ఆదరువుని, గ్రీకులు ‘ఆప్సాన్’ అనేవారు. వట్టి అన్నం గొంతు దిగదు, ఓ ఆవకాయ బద్ద ఉంటే ముద్ద దానంతటదే పోతుంది. తెల్లకణానికీ అంతే.

[బాక్స్]
56 డిగ్రీల దగ్గర చచ్చేది ఏది?

1895 ప్రాంతంలో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జూల్ బోర్డే అనే పాతికేళ్ల బెల్జియం డాక్టరు కలరా క్రిములతో ప్రయోగాలు చేస్తున్నాడు. కలరాకు నిరోధకశక్తి వచ్చిన జంతువు సీరం ఆ క్రిముల్ని చంపుతుంది. ఆ సీరాన్ని 55 డిగ్రీల దాకా వేడిచేస్తే చంపే గుణం పోతోంది. ఇంతవరకూ వింత లేదు. వేడిచేసిన ఆ సీరంలో, కలరా ముఖమే చూడని మామూలు జంతువు తాజా సీరం కొద్దిగా కలిపాడు. పోయిన గుణం తిరిగొచ్చింది!

అంటే పని చేసేవి రెండు. వేడికి చెక్కుచెదరనిది ఒకటి, అదే యాంటీబాడీ. వేడికి పోయేది ఇంకొకటి. అది నిరోధకశక్తితో సంబంధం లేకుండా అందరి రక్తంలోనూ పుట్టుకతో ఉంటుంది. జర్మనీలో పాల్ ఎర్లిక్ రెండోదానికి కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు, మొదటిదాని పనిని పూర్తిచేసేది కాబట్టి. బోర్డేకి 1919 నోబెల్ బహుమతి వచ్చింది. నేటికీ ప్రయోగశాలల్లో సీరాన్ని వాడే ముందు 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచే అలవాటు ఉంది. కాంప్లిమెంట్‌ని పడుకోబెట్టడానికి.

ఐడ్లింగ్‌లో ఉన్న ఇంజను

ఈ ముప్పై చిల్లర ప్రొటీన్లలో పెద్దన్న ‘సి3’. లీటరు ప్లాస్మాలో దాదాపు గ్రాము, కొందరిలో ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. దాని లోపల ముడుచుకుని ఒక రసాయన కొక్కెం ఉంటుంది. ఎలుకల బోనులో స్ప్రింగు లాగి పెట్టినట్టే. కోత పడగానే సి3 రెండుగా విడిపోతుంది. చిన్న ముక్క ‘సి3ఎ’ అలారం మోగించి మంటని, వాపుని పిలుస్తుంది. పెద్ద ముక్క ‘సి3బి’ కొక్కెం బయటపెట్టి చేతికందిన ఉపరితలాన్ని పట్టేసుకుంటుంది. అందుకు దానికి దొరికే వ్యవధి సెకనులో పదివేలో వంతు కన్నా తక్కువ. ఆలోపు ఏదీ దొరక్కపోతే నీటితో కలిసి నిర్వీర్యమైపోతుంది.

సి3ని కోయించే దార్లు మూడు. యాంటీబాడీ క్రిమిని పట్టుకున్న చోటికి ‘సి1క్యూ’ అనే ప్రొటీన్ వచ్చి మొదలుపెట్టేది ఒకటి. క్రిమి ఒంటి మీది చక్కెరల్ని గుర్తుపట్టి మొదలయ్యేది రెండోది. ఈ రెండూ అర్థమవుతాయి, శత్రువు కనిపించాడు కాబట్టి తుపాకీ పేలింది. మూడో దారే విచిత్రం. అక్కడ శత్రువు అక్కర్లేదు. రక్తంలో ఉన్న సి3 దానంతటదే, గంటకు దాదాపు ఒక శాతం చొప్పున, విచ్చుకుంటూ ఉంటుంది. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా.

1970లలో ఈ సంగతిని వివరించిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుల్లో ముఖ్యుడు పీటర్ లాక్‌మన్. ఈ ప్రక్రియకి ఇంగ్లీషులో స్థిరపడ్డ పేరు ‘టిక్‌ఓవర్’. బ్రిటన్‌లో మెకానిక్కులు ఐడ్లింగ్‌ని అలాగే అంటారు. గేరు వేయకుండా ఇంజను గుడగుడలాడుతుండటం. సల్మాబాద్ గరాజులో ల్యాండ్ క్రూజర్ చేస్తున్న పనే. ఇంజను ఆపి పెడితే మళ్లీ స్టార్ట్ చేసేలోపు బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపై కూర్చుంటుంది. అందుకే ప్రకృతి ఈ బండిని ఎప్పుడూ ఆపదు.

పైగా ఒక సి3బి అతుక్కుందంటే అది పక్కనున్న సి3ల్ని కోసే యంత్రంలో భాగమవుతుంది. అవి మరిన్నింటిని కోయిస్తాయి. ఒకటి పది, పది వంద. కొద్ది నిమిషాల్లో క్రిమి ఒళ్లంతా కప్పేస్తాయి. చివరి అంకంలో సి5 నుంచి సి9 వరకు ప్రొటీన్లు వచ్చి, సి9లు పద్దెనిమిది దాకా గుండ్రంగా చేరి, క్రిమి పొరలో గొట్టంలాంటి బొక్క పెడతాయి. దాని లోపలి వ్యాసం సుమారు పది నానోమీటర్లు. నీళ్లు లోపలికి తోసుకొస్తాయి, క్రిమి ఉబ్బి పగిలిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. సి3బి కొక్కేనికి తన పర భేదం తెలియదు. క్రిమి అయినా, మన ఎర్ర కణమైనా, మూత్రపిండం గోడ అయినా దానికి ఒకటే. మరి మనం రోజూ ఎందుకు పగిలిపోవడం లేదు?

సీపీఆర్ కార్డు చూసే పోలీసు

బ్రేకులుండబట్టి. ఈ వ్యవస్థలో సగం ప్రొటీన్ల పని మిగతా సగాన్ని ఆపడమే అంటే కొంచెమే అతిశయోక్తి. కొన్ని బ్రేకులు మన కణాల మీదే బిగించి ఉంటాయి, సీడీ55, సీడీ59 లాంటివి. రక్తంలో తిరుగుతూ గస్తీ కాసేది ‘ఫ్యాక్టర్ హెచ్’. ఇరవై పూసల దండలా ఉండే పొడుగాటి ప్రొటీన్ ఇది. సి3బి అతుక్కున్న చోటికల్లా వచ్చి ఆ ఉపరితలం మీద సియాలిక్ ఆమ్లం, హెపరాన్ సల్ఫేట్ వంటి గుర్తులున్నాయా అని తడిమి చూస్తుంది. బహ్రెయిన్‌లో పోలీసు ఆపితే సీపీఆర్ అనే గుర్తింపు కార్డు చూపిస్తాం కదా, అలా. కార్డు ఉంటే సి3బిని అక్కడికక్కడే నరికించేస్తుంది. లేకపోతే తన దారిన తను పోతుంది, సి3బి పని సి3బి చేసుకుంటుంది.

దొంగ కార్డుల వాళ్లూ ఉన్నారు. మెనింజైటిస్ తెచ్చే మెనింగోకాకస్ తన ఒంటి మీద ఫ్యాక్టర్ హెచ్‌ని పట్టుకునే ఒక ప్రొటీన్‌ని పెంచుకుంది. పోలీసునే భుజమ్మీద చెయ్యేసి వెంట తిప్పుకునే రకం. 2013లో యూరప్‌లో అనుమతి వచ్చిన మెనింజైటిస్-బి టీకాలో ఒక ముఖ్య భాగం సరిగ్గా ఈ ప్రొటీనే. దొంగతనానికి వాడిన చెయ్యే ఆచూకీ పట్టించింది.

బ్రేకు లేకపోతే ఏమవుతుందో చూపించేది మన నాగుపాము. తాచు విషంలో సి3కి దగ్గరి చుట్టమైన ప్రొటీన్ ఒకటి ఉంది. రక్తంలోకి దిగగానే సి3ని కోసే యంత్రాన్ని తయారుచేస్తుంది, దాని మీద ఫ్యాక్టర్ హెచ్ పప్పులుడకవు. యాక్సిలరేటరు అడుక్కి తొక్కిపెట్టినట్టు ఉన్న సి3 అంతా ఖర్చయ్యేదాకా ఆగదు. విషంతో కలిస్తే సీరానికి క్రిముల్ని చంపే శక్తి పోతోందని ఫ్లెక్స్‌నర్, నొగుచి 1903 నాటికే గమనించారు. తరవాత పరిశోధకులు ఇదే ప్రొటీన్‌తో ప్రయోగశాల జంతువుల్లో కాంప్లిమెంట్‌ని ఖాళీ చేసి, అది లేకపోతే ఏం జరుగుతుందో దశాబ్దాలపాటు చదువుకున్నారు.

మనుషుల్లోనూ బ్రేకులు ఫెయిలవుతాయి. పీఎన్‌హెచ్ అనే అరుదైన జబ్బులో ఎముక మజ్జలోని ఒక మూలకణంలో ఒక జన్యువు చెడుతుంది. దాన్నుంచి పుట్టిన ఎర్ర కణాలకు సీడీ55, సీడీ59లను తగిలించుకునే కొక్కెమే ఉండదు. కాంప్లిమెంట్ వాటిని పగలగొడుతుంది, పొద్దున్నే మూత్రం కోలా రంగులో వస్తుంది. ఇంకో రకం ఫెయిల్యూర్ మన దేశంలో ఎక్కువ. పిల్లల్లో హఠాత్తుగా మూత్రపిండాలు దెబ్బతినే హెచ్‌యూఎస్ అనే జబ్బులో, కొందరి ఒళ్లు తన సొంత ఫ్యాక్టర్ హెచ్ మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో అర్వింద్ బగ్గా బృందం 2014లో ప్రచురించిన లెక్కల్లో, వాళ్లు చూసిన హెచ్‌యూఎస్ పిల్లల్లో 56 శాతం మందికి కారణం ఇదే. తొందరగా గుర్తించి ప్లాస్మా మార్పిడి, యాంటీబాడీల్ని తగ్గించే మందులు మొదలుపెడితే ఫలితం బాగుంటుందని కూడా అదే పరిశోధన చూపింది.

ఒక్క అక్షరం, ఏడో పూస

కంటి దగ్గరికి వద్దాం. మాక్యులా క్షీణించేవాళ్లలో రెటీనా అడుగున పసుప్పచ్చటి మడ్డి పేరుకుంటుంది. డ్రూజెన్ అంటారు. మడ్డిలో ఏముందని తవ్వి చూస్తే కాంప్లిమెంట్ ప్రొటీన్లు బయటపడ్డాయి. వయసుతో అరిగిన కంట్లో రక్షణ సైన్యానికేం పని అని అప్పట్లో ఆశ్చర్యపోయారు.

జవాబు 2005లో వచ్చింది. అమెరికాలో మూడు బృందాలు ‘సైన్స్’ పత్రికలో ఒకేసారి ప్రకటించాయి. వాటిలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు పోల్చింది 96 మంది రోగులనీ, జబ్బు లేని 50 మందినీ మాత్రమే. మనిషి జన్యుపటమంతా లక్షకు పైగా చోట్ల గాలిస్తే సూది ఒకే చోట ఆగింది, ఫ్యాక్టర్ హెచ్ జన్యువు దగ్గర. జన్యువులో ఒక్క అక్షరం మారి, ప్రొటీన్‌లో 402వ స్థానంలో టైరోసిన్ ఉండాల్సిన చోట హిస్టిడిన్ వచ్చింది. అది పడేది ఇరవై పూసల దండలో ఏడో పూస మీద. కణం కార్డుని తడిమి చూసే పూసల్లో అదొకటి. బ్రేకు పూర్తిగా పోలేదు, ప్యాడు కాస్త అరిగింది. ముప్పై ఏళ్ల వయసులో తేడా తెలియదు. డెబ్బై ఏళ్లు నడిచాక తెలుస్తుంది.

అమెరికా తెల్లవాళ్లలో చూసినది మనకీ వర్తిస్తుందా? ఈ ప్రశ్నని పట్టించుకున్నది హైదరాబాద్. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇందర్‌జీత్ కౌర్, సుభబ్రత చక్రబర్తి, వాళ్ల సహచరులు మన రోగుల రక్తంలో ఆ అక్షరాన్ని వెతికి 2006లో ఫలితం ప్రచురించారు. మనవాళ్లలోనూ ఉంది. ఒక ఏడాది తేడాతో హైదరాబాద్ ఆ మాట చెప్పడం చిన్న సంగతి కాదు. జన్యు పరిశోధనల్లో పరాయి దేశాల లెక్కల్ని మన ఒళ్లకి అద్దెకు తెచ్చుకోవడమే మనకి అలవాటు.

అదే బృందం తరవాత వేసిన అడుగు నాకింకా ఆసక్తిగా అనిపిస్తుంది. ముసలివాళ్ల కళ్ల నుంచి నెలలు నిండని పసిపిల్లల కళ్లకి వెళ్లారు. ముందే పుట్టిన పిల్లల్లో రెటీనా రక్తనాళాలు పూర్తిగా అల్లుకోవు. కొందరిలో అవి అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాని ఊడలాగుతాయి. ఆర్ఓపీ అనే ఈ జబ్బు కోసం సుభద్రా జలాలి అనే రెటీనా వైద్యురాలు 1990ల చివరినుంచి జంటనగరాల నవజాత శిశువుల వార్డులు తిరిగి పరీక్షలు చేయించే కార్యక్రమం నడిపారు. 2017లో కౌర్ బృందం ఆర్ఓపీ వచ్చిన, రాని మూడు వందలకు పైగా నెలతక్కువ పిల్లల జన్యువుల్ని పోల్చి చూసింది. మళ్లీ ఫ్యాక్టర్ హెచ్, దానితో పాటు కాంప్లిమెంట్‌లోనే ఇంకో ప్రొటీన్, ఫ్యాక్టర్ బి. జబ్బు ముదిరిన పిల్లల కంటిలోని జెల్లీలో సి3 ఎక్కువగా ఉంది, పని చేస్తూ ఉంది. డెబ్బై ఏళ్ల కన్నూ, డెబ్బై రోజుల కన్నూ ఒకే బ్రేకు దగ్గర కలుసుకున్నాయి.

సల్మాబాద్ పక్కవీధి జబ్బు

కాంప్లిమెంట్ జాడ కంటి దగ్గరే ఆగదు. బహ్రెయిన్‌లో ఉండేవాళ్లకి సికిల్ సెల్ కొత్త మాట కాదు. ఇక్కడ అది ఎంత ఎక్కువంటే పెళ్లికి ముందు రక్తపరీక్ష తప్పనిసరి చేస్తూ 2004లో చట్టమే తెచ్చారు. మన అల్లూరి సీతారామరాజు జిల్లా గిరిజన గూడేల్లోనూ ఇదే జబ్బు. ఎర్ర కణాలు కొడవలిలా వంగి పగులుతాయి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, ఒళ్లు విరిచే నొప్పి. పగిలిన కణం నుంచి హీమ్ అనే ఇనుము పదార్థం ఒలికి సి3ని రెచ్చగొడుతుందనీ, రక్తనాళాల గోడల మీద కాంప్లిమెంట్ పేరుకోవడానికి అదొక కారణమనీ పారిస్‌లో లుబ్కా రుమెనీనా వంటి పరిశోధకులు చూపించారు. అయితే సికిల్ సెల్‌కి కాంప్లిమెంట్‌ని ఆపే మందు ఏదీ ఇంకా అనుమతి పొందలేదు. జన్యువునే సరిదిద్దే క్యాస్‌జెవీ చికిత్సని మాత్రం బహ్రెయిన్ 2023 డిసెంబరు 2న, అమెరికా కన్నా ముందే, బ్రిటన్ తరవాత ప్రపంచంలో రెండో దేశంగా అనుమతించింది.

బ్రేకుని బయటినుంచి వేయడం

కాంప్లిమెంట్‌ని ఆపే మొదటి మందు ఎక్యులిజుమాబ్‌కి 2007లో పీఎన్‌హెచ్ కోసం అనుమతి వచ్చింది. సి5ని పట్టి ఆపుతుంది. రోగుల బతుకు మార్చేసింది, సందేహం లేదు. ధర కూడా అలాగే ఉంది. 2010లో ఫోర్బ్స్ పత్రిక లెక్క ప్రకారం ఏడాదికి నాలుగు లక్షల డాలర్లకు పైనే. దానితో ఇంకో హెచ్చరిక వస్తుంది. సి5 ఆగితే బొక్కలు పెట్టే పని ఆగుతుంది, మెనింగోకాకస్‌కి తలుపు తెరుచుకుంటుంది. అందుకే ఈ మందు మొదలుపెట్టే ముందు మెనింజైటిస్ టీకాలు వేయాల్సిందే. హజ్‌కి వెళ్లే మనవాళ్లు తప్పనిసరిగా వేయించుకునే టీకా ఆ కోవలోదే.

సి3 దగ్గరే ఆపే మార్గం 1996లో దొరికింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జాన్ లాంబ్రిస్ ప్రయోగశాలలో అర్వింద్ సాహు కోట్ల కొద్దీ చిన్న ప్రొటీన్ తునకల్లో సి3ని అంటిపెట్టుకునేది ఏదని గాలించి ఒకదాన్ని పట్టుకున్నారు. చెక్కగా చెక్కగా పదమూడు అమైనో ఆమ్లాల ఉంగరం మిగిలింది. దాని పేరు కాంప్‌స్టాటిన్. సాహు తరవాత పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రానికి వచ్చి, వైరస్‌లు కాంప్లిమెంట్‌ని ఎలా బోల్తా కొట్టిస్తాయో పరిశోధించారు. కాంప్‌స్టాటిన్ వంశంలో పుట్టిన పెగ్‌సెటాకోప్లాన్ 2021లో పీఎన్‌హెచ్‌కీ, 2023లో మాక్యులా పొడిగా క్షీణించే రకానికీ అమెరికాలో అనుమతి పొందింది. కంటిలోకి నెలకో, రెండు నెలలకో సూది.

ఇంతవరకూ వచ్చి నిజం దాచకూడదు. ఆ సూది కంట్లో పాడైన మేర వ్యాపించే వేగాన్ని రెండేళ్లలో దాదాపు ఐదో వంతు తగ్గించింది. పోయిన చూపు తేలేదు. చూపు మెరుగైన ఆధారం లేదంటూ యూరప్ మందుల సంస్థ 2024లో అనుమతి నిరాకరించింది. అంతకుముందు కాంప్లిమెంట్‌లోని ఫ్యాక్టర్ డి అనే ప్రొటీన్ మీద గురిపెట్టిన ఇంకో మందు పెద్ద పరీక్షల్లో పూర్తిగా విఫలమైంది. కారణం ఊహించడం కష్టం కాదు. డెబ్బై ఏళ్లు ప్యాడు అరిగి డిస్కు గీసుకుపోయాక కొత్త ప్యాడు వేస్తే డిస్కు తిరిగి నున్నగా అవుతుందా అని సల్మాబాద్‌లో ఏ మెకానిక్‌నైనా అడగండి. నా అంచనాలో ఈ మందుల అసలు ఉపయోగం జబ్బు ముదిరాక కాదు, మొదలయ్యే ముందు ఉంటుంది. ఆ పరీక్షలకి మాత్రం ఏళ్లు పడతాయి.

మెకానిక్‌తో ఇదంతా చెప్పలేదు. రెండు సంగతులే చెప్పాను. మాక్యులా జబ్బులో తడి రకం కూడా ఉంటుంది, కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి, గీతలు వంకరగా కనిపించడం దానికి పెద్ద గుర్తు. దానికి మంచి సూదులున్నాయి, అందుకే నాయినని ఈ వారంలోనే రెటీనా డాక్టరుకి చూపించమని ఒకటి. నాయిన చుట్ట కాలుస్తాడా అని రెండోది. పొగ ఈ జబ్బుని ముందుకు తోస్తుంది, మారిన అక్షరం ఉన్నవాళ్లలో మరీ. “బీడీలు తాగుతడు సార్” అన్నాడు.

ఈసారి ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు అరవై దాటిన అమ్మానాన్నల్ని ఒక్క నిమిషం ఆపండి. ఒక కన్ను చేత్తో మూసుకుని, రెండో కంటితో ఎదురుగా ఉన్న గుమ్మాన్ని చూడమనండి. తరవాత ఆ కన్ను మూసి ఈ కంటితో. గుమ్మం వంగినా, మధ్యలో మచ్చ ఉన్నా, శుక్లమేలే అని వదిలేయొద్దు. ఇంట్లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఉంటే, ముప్పై రోజులు దాటకుండా రెటీనా పరీక్ష చేయించండి.